మా వీధి నర్సమ్మగారికి వందనాలు

పేరు రాయవద్దని ఆమె ముందే నా దగ్గర మాట తీసుకున్నారు. గుంటూరులో మా వీధివాళ్ళకు ‘నర్సమ్మగారు’ అంటే చాలు. మిగిలినవాళ్ళకు పేరుతో పని లేదు. అందుకని మాట తప్పకుండానే ఈ నాలుగు ముక్కలు రాస్తున్నాను.

కార్తీక మాసంలో ఒక రోజు తెల్లవారుజామున స్నానానికి లేచి మా అమ్మ బాత్‌రూములో జారిపడింది. వయసు 71. ఎడమ తుంటి ఎముక విరిగింది. నాన్నగారు పోయి ఆరేళ్ళయింది, నా ఉద్యోగం హైదరాబాదులో. కేక విని ముందుగా వచ్చింది పక్కింటి నర్సమ్మగారు. పనిమనిషి లేపబోతుంటే ఆపి, కాలు కదలకుండా అటూ ఇటూ దిండ్లు పెట్టి, అంబులెన్సుకు కబురు చేసి, ఆ తరవాత నాకు ఫోను చేశారు. నేను బస్సు దిగేసరికి ఎక్స్‌రే కూడా అయిపోయింది. ఆపరేషన్‌కు రెండు సీసాల రక్తం కావాలంటే, వాళ్ళ చర్చి సంఘం నుంచి ఇద్దరు కుర్రవాళ్ళు వచ్చి ఇచ్చి వెళ్ళారు. కాఫీ తాగమన్నా ఆగలేదు, దుకాణం తెరవాలన్నారు. బాబులూ, మీ ముఖాలు గుర్తున్నాయి గానీ పేర్లు అడగడం మరచిపోయాను, క్షమించాలి.

తుంటి కీలు సగం మార్చారు. అయిదో రోజున ఇంటికి పంపించేశారు. అసలు కథ అక్కడ మొదలైంది. మనిషిని పెట్టుకోవడానికి ఒక ఏజెన్సీకి డబ్బు ముందే కట్టాను. మొదట వచ్చినామె రెండు రోజులు ఉంది, రెండో ఆమె ఒక పూటే ఉంది. నా భార్య, పిల్లల పరీక్షల మధ్య వారం సెలవు పెట్టి వచ్చి వెళ్ళింది. ఆమె రైలెక్కిన సాయంత్రం నర్సమ్మగారు చేతిసంచితో వచ్చి, ‘రాత్రికి నేను పడుకుంటాను, మీరు కాస్త నిద్రపోండి బాబూ’ అన్నారు. ఆ ‘రాత్రి’ పది వారాలు సాగింది.

ఇక్కడ ఒక సంగతి చెప్పకపోతే ఈ కృతజ్ఞత అబద్ధమవుతుంది.

ఆవిడ ఇల్లు మా పక్కన కట్టి పద్దెనిమిదేళ్ళు. ప్రతి డిసెంబరు 25న ఆ ఇంటి నుంచి మాకు ఒక స్టీలు డబ్బా వచ్చేది. కేకు, అరిసెలు, జంతికలు. అమ్మ నవ్వుతూ అందుకునేది. గుమ్మం దాటి లోపలికి రాగానే అది పనిమనిషి చేతికి వెళ్ళేది. డబ్బా తోమి, ఎండలో పెట్టి, మర్నాడు పంపేవాళ్ళం. ఉత్త డబ్బా పంపకూడదు కాబట్టి గుప్పెడు పంచదార వేసి మరీ పంపేవాళ్ళం. మర్యాదకు లోటు రానివ్వలేదన్నమాట! ఆవిడ ఎప్పుడైనా వస్తే టీ ఇచ్చే గ్లాసు కిటికీ గట్టు మీద విడిగా ఉండేది. అది విడిగా ఎందుకు ఉందో నాకు తెలుసు. ఇంజనీరింగు చదివాను, ఊళ్ళు తిరిగాను, ఒక్కసారీ అమ్మను అడగలేదు. ఆదివారం వాళ్ళింట్లో జరిగే ప్రార్థన కూటం మైకు గురించి మాత్రం గోడ మీద నుంచి గట్టిగానే అడిగాను. పై ఆదివారం నుంచి మైకు లేదు.

ఆ డబ్బా సంగతి ఆవిడకు తెలియదనే మేము అనుకున్నాం. మొన్న జనవరిలో మా పనిమనిషే బయటపెట్టింది. ఆమె కూడా ఆ సంఘంలోనే విశ్వాసి. మొదటి ఏడాదే చెప్పేసిందట. విని నర్సమ్మగారు ఏమీ అనలేదట. రెండో ఏడాది నుంచి పనిమనిషి పిల్లలు ముగ్గురికీ సరిపోయేలా డబ్బాలో మూడు కేకు ముక్కలు ఎక్కువ పెట్టడం మొదలుపెట్టారట. అమ్మ ఆ మాట విని చాలాసేపు గోడవైపు తిరిగి పడుకుంది.

ఆవిడ చేసిన పని గురించి కొంచెం వివరంగా రాస్తాను, ఇంట్లో మంచం పట్టిన పెద్దవాళ్ళున్నవారికి పనికొస్తుంది. రెండు గంటలకోసారి ఒత్తిగిలించి పడుకోబెట్టాలి. అలారం పెట్టుకుని రాత్రి కూడా లేచేవారు. మోకాళ్ళ మధ్య దిండు తప్పనిసరి. మడమలు పరుపుకు తగలకుండా పిక్కల కింద మెత్త పెట్టాలి. నడుము కింద ఎర్రబడితే వేలితో నొక్కి చూడాలి. నొక్కినచోట తెల్లబడి మళ్ళీ ఎరుపెక్కితే ఫరవాలేదు. తెల్లబడకుండా ఎర్రగానే ఉండిపోతే పడకపుండు మొదలైనట్టు. పాదాలు పైకీ కిందికీ గంటకోసారి ఆడించాలి, లేకపోతే పిక్కల్లో రక్తం గడ్డకట్టే ప్రమాదం ఉంది. లేచి కూర్చునే రోజు వచ్చాక కాలు మీద కాలు వేయకూడదు, పీట మీద కూర్చోకూడదు. ఇవన్నీ ఆవిడ కుగ్లర్ ఆసుపత్రిలో నర్సింగు నేర్చుకున్న రోజుల నుంచి చేతికి అలవాటైన పనులు. 1883లో గుంటూరు వచ్చిన అన్నా కుగ్లర్ అనే అమెరికా డాక్టరమ్మ పేరు మీద ఉన్న ఆసుపత్రి అది. ఆ డాక్టరమ్మ చేసిన వైద్యానికి కృతజ్ఞతగా ఏలూరు జమీందారు ఒకరు, రోగుల వెంట వచ్చే హిందువులు దిగడానికి ఆసుపత్రి ఎదుట సత్రం కట్టించారు. నేను సత్రం కట్టించలేను గనుక ఇలా రాసుకుంటున్నాను.

అమ్మకు బట్టలు మార్చడం, శుభ్రం చేయడం దగ్గర నేను వెనక్కు తగ్గేవాణ్ణి. సిగ్గో, మరేమిటో. నాలుగో రోజు నర్సమ్మగారు గ్లవ్స్ నా చేతికిచ్చి, ‘చిన్నప్పుడు మీకు చేసినప్పుడు ఆవిడ సిగ్గుపడలేదు కదా’ అన్నారు. దుప్పటి కప్పి ఉంచి, కింద నుంచి ఎలా చేయాలో చూపించారు. అమ్మ పరువుకు ఆ దుప్పటి ఎంత ముఖ్యమో అప్పుడు అర్థమైంది. ఆ పని ఇప్పుడు నాకు వచ్చు. నేను ఇన్నేళ్ళలో సంపాదించిన సర్టిఫికెట్ల కంటే దాన్ని ఎక్కువగా చెప్పుకుంటున్నాను.

ఆవిడ ప్రార్థన చేసేవారా అని కొందరు అడిగారు. చేసేవారు. మొదటి రాత్రి అమ్మను అడిగారు, ‘మీకు ఇబ్బంది అయితే ఇంటికి వెళ్ళి చేసుకుంటాను’ అని. ‘చేసుకో, కాని మెల్లగా, నాకు నిద్ర వస్తోంది’ అంది అమ్మ. తెల్లవారితే అమ్మ ఫోనులో సుప్రభాతం పెట్టేది కూడా ఆవిడే. ఒకటి రెండు రోజులు వేరే ఏదో మోగించి, ఇద్దరూ నవ్వుకున్నారు.

పలకరించడానికి వచ్చినవాళ్ళు అందరూ అలా లేరు. మా బంధువు ఒకాయన పూర్వజన్మ పాపం అని తేల్చేసి కాఫీ తాగి వెళ్ళారు. మరెవరో బోధకుడట, ఎవరు పంపారో తెలియదు, నిజమైన దేవుణ్ణి నమ్మకపోవడం వల్లే పడ్డారని అమ్మ మంచం దగ్గర నిలబడి మొదలుపెట్టాడు. నర్సమ్మగారు ఆయన్ను నెమ్మదిగా వరండాలోకి తీసుకెళ్ళి, చెప్పులు చూపించి, గేటు వేసి వచ్చారు. మాకు ఒక్క మాట కూడా చెప్పలేదు.

ఆ రోజే నేను అడిగాను, ఇన్నేళ్ళలో మీరు మాకు మీ దేవుడి గురించి ఎప్పుడూ చెప్పలేదేమని. ఆవిడ అమ్మమ్మగారివైపు ఒంగోలు. వాళ్ళింట్లో ధాత కరువు కథ ఇప్పటికీ చెప్పుకుంటారట. 1876 నుంచి 78 దాకా జనం తిండి లేక రాలిపోతున్న రోజుల్లో, క్లౌ దొర అనే బాప్టిస్టు మిషనరీ బకింగ్‌హాం కాలువ తవ్వకంలో కొంత భాగం కాంట్రాక్టు తీసుకున్నాడు. సర్వేయరు పని తెలిసినవాడు. వేలమందికి కూలి దొరికింది. ఆ పనిలోకి వచ్చినవాళ్ళు బాప్తిస్మం ఇమ్మని అడిగితే, కరువు తీరేదాకా ఇవ్వనన్నాడు. ఏడాదికి పైగా ఆపాడు. తరవాత నేను వెతికి చదివితే లెక్క కూడా దొరికింది. 1878 జులై 3న, గుండ్లకమ్మ ఒడ్డున, ఒక్క రోజులో 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. ఆ వరుసలో ఆవిడ ముత్తాత తండ్రి ఉన్నాడట.

‘ఆకలితో ఉన్నవాడు ఏ పేరు చెప్పమన్నా చెబుతాడు బాబూ, అప్పుడు అడగకూడదు. అమ్మగారు మంచం మీద ఉన్నప్పుడు నేను సువార్త చెబితే, చేసినదానికి కూలి అడిగినట్టే కదా’ అన్నారు.

అందరు దొరలూ అలా ఆగారని నేను అనుకోను. కాని ఆ దొర అలా ఆగడం, ఇన్ని తరాలు దాటి, మా ఇంటి వరండా దాకా వచ్చింది.

మేము మతం మారలేదు. ఎలాగూ అడుగుతారు కాబట్టి ముందే చెబుతున్నాను. మారినవి వేరే ఉన్నాయి. కిటికీ గట్టు మీది గ్లాసు ఎక్కడుందో ఇప్పుడు ఎవరికీ తెలియదు, మిగతా గ్లాసుల్లో కలిసిపోయింది. పనిమనిషి టీ తాగేటప్పుడు కుర్చీలో కూర్చోమని అమ్మ కేకలేస్తోంది. ఆమెకే ఇంకా అలవాటు కాలేదు, అంచున కూర్చుంటోంది. పద్దెనిమిదేళ్ళుగా అమ్మను ‘అమ్మగారూ’ అన్న మనిషి ఇప్పుడు ‘వదినగారూ’ అంటున్నారు. ఆ వరస కలిపింది అమ్మే. నేను గోడ మీద నుంచి అన్న మాటలకు క్షమాపణ చెప్పాను. ‘మైకు కొంచెం ఎక్కువగానే ఉండేది లెండి’ అని కొట్టిపారేశారు.

క్రిస్మస్‌కు కూతురి దగ్గరకు వెళ్ళవలసిన టిక్కెట్టు ఆవిడ రద్దు చేసుకున్నారు. ఆ సంగతి మాకు అయిపోయాక తెలిసింది. ఆ రోజు వాకర్ పట్టుకుని మంచం నుంచి గుమ్మం దాకా పదకొండు అడుగులు వేసిన అమ్మ, డబ్బా మూత తనే తీసి కేకు తింది. తీపి తగ్గిందని పేరు కూడా పెట్టింది. సంక్రాంతికి ఎత్తు కుర్చీలో కూర్చుని పాకం తనే చూసి, నాచేత అరిసెలు వత్తించి, అదే డబ్బాలో పంపింది. పంచదార వేయలేదు.

ఎముకల డాక్టరుగారికి, ఫిజియోథెరపీ అబ్బాయికి, రెండు నెలలు ఇడ్లీలు పంపిన ఎదురింటి మాస్టారి దంపతులకు, ఆదివారాలు నర్సమ్మగారికి బదులు వంతులు వేసుకుని కూర్చున్న వాళ్ళ స్త్రీల సమాజం వారికి, వచ్చిన ప్రతిసారీ గుమ్మం బయట చెప్పులు విడిచి అమ్మ అనుమతి అడిగి లోపలికి వచ్చిన సంఘం అయ్యగారికి మా నమస్కారాలు.

నర్సమ్మగారూ, గాలి పరుపు కడిగి ఆరబెట్టాను. గురువారం బ్రాడీపేటలో మీరు చెప్పిన ఇంట్లో ఇచ్చి వస్తాను. మోటారు రాత్రిపూట కాస్త గురక పెడుతుందని, భయపడవద్దని వాళ్ళకు చెబుతాను. వాకర్ మాత్రం ఇంకో నెల మా దగ్గరే ఉంటుంది.