క్రీడాధికారి గారికి బహిరంగ లేఖ: మా కోచ్‌కు రెండు గంటల రోడ్డు ఇప్పించండి

గౌరవనీయులైన అధికారి గారికి నమస్కారములు.

మేము సమర్పించిన వినతిపత్రాలకు జవాబు రానందున ఈ లేఖను అందరి ముందు ఉంచుతున్నాము. యౌవనమంతా రోడ్డు సైక్లింగ్ పోటీలకే వెచ్చించి, ఇప్పుడు విజయవాడలో మా పిల్లలకు జీతమేమీ లేకుండా శిక్షణ ఇస్తున్న కోచ్ గారు, వేరే దారి లేక తెల్లవారుజామున వారిని ఉండవల్లి కరకట్ట మీదికి తీసుకువెళ్తున్నారు. ముందువారి చక్రం వెనుక, గాలి చాటున, మూరెడు దూరం కూడా వదలకుండా తొక్కడం ఈ క్రీడకు ప్రాణం. అది స్టేడియం గేటు లోపల అబ్బే విద్య కాదు. మొన్న ఒక లారీ రాసుకుపోవడంతో ఒక అమ్మాయి మణికట్టు విరిగింది. ఆమెను ఇంట్లోవాళ్లు మళ్లీ పంపలేదు, వారిని తప్పుపట్టలేము.

పోలండ్‌లో పోటీ సైక్లిస్టుగా ఉండి కోచ్‌గా మారిన ఎడ్డీ బోరిసెవిచ్ శిక్షణలో, 1912 తరువాత ఒలింపిక్ సైక్లింగ్ పతకమే ఎరుగని అమెరికా 1984లో 9 పతకాలు గెలిచింది. ఆ జట్టులో కొందరు పోటీలో సత్తువ పెంచుకోవడానికి రక్తం ఎక్కించుకున్నారన్న మచ్చను మేము దాచడం లేదు. అయినా అనుభవజ్ఞుడైన కోచ్ చేతిలో ఒక తరం ఎంత మారుతుందో అక్కడ కనిపిస్తుంది.

ప్రతి ఆదివారం ఉదయం 5 నుంచి 7 గంటల వరకు కరకట్టపై భారీ వాహనాలను నిలిపివేయించాలని, కోచ్ గారికి గౌరవ వేతనం మంజూరు చేయాలని, మీ నిర్ణయాన్ని నెలలోగా లిఖితపూర్వకంగా తెలియజేయాలని కోరుతున్నాము.

ఇట్లు,
శిక్షణ పొందుతున్న పిల్లల తల్లిదండ్రులు,
విజయవాడ