తమ్ముడికి ఉత్తరం: అందరూ ఒకే ఆట చేస్తే

చిరంజీవి తమ్ముడికి,

ఆశీస్సులు. పోయిన వారం ఫోనులో నువ్వు అడిగిన ప్రశ్నకు సరిగ్గా జవాబు చెప్పలేకపోయాను. "ఒక షూటర్ గేమ్ హిట్టయితే మిగతా కంపెనీలన్నీ దాని వెంట పడటం ఎప్పుడూ ఉన్నదే కదా అక్కా, దానివల్ల పరిశ్రమకు వచ్చిన నష్టమేమిటి?" అన్నావు. మూడేళ్ళు పనిచేసిన ఆట ఆగిపోయి ఆరు నెలలు కూడా కాలేదు కనుక ఆ మాట నాకు గుచ్చుకుంది. అయినా నీ వాదనలో సగం న్యాయం ఉంది. అందుకే తీరిగ్గా కూర్చుని రాస్తున్నాను.

ముందుగా ఆ సగం ఒప్పుకుంటాను. ఈ రంగంలో ఆకాశం నుంచి ఊడిపడ్డ ఆట ఏదీ లేదు. కౌంటర్ స్ట్రైక్ 1999లో హాఫ్ లైఫ్ అనే ఆట మీద ఇద్దరు కుర్రాళ్ళు కట్టిన మాడ్‌గా, అంటే ఉన్న ఆటనే మార్చి చేసిన కొత్త రూపంగా, మొదలైంది. బ్రెండన్ గ్రీన్ వేరేవాళ్ళ ఆటలకు మాడ్‌లు చేస్తూ చేస్తూ 2017 మార్చిలో పబ్‌జీ దాకా వచ్చాడు. అదే ఏడాది సెప్టెంబరులో ఫోర్ట్‌నైట్ వాళ్ళు, తమ చేతిలో అప్పటికే ఉన్న గోడలు కట్టే ఆటకు పబ్‌జీలో లాగే చివరిదాకా మిగిలినవాళ్ళు గెలిచే బాటిల్ రాయల్‌ను జోడించి ఉచితంగా వదిలారు. అది అనుకరణే. కానీ ఎదురుగా తుపాకి పేలుతుండగా నాలుగు చెక్కలు పేర్చి మెట్లు కట్టుకుని పైకెక్కే ఆట అంతకుముందు లేదు. ఒకరి ఆట చూసి ముచ్చటపడి, దానికి తమదైనదేదో కలిపి ఇంకొకరు ఆడించే పద్ధతి మీద నాకు ఫిర్యాదు ఏమీ లేదు.

నా ఫిర్యాదు కాలం లెక్కతో మొదలవుతుంది. ఫోర్ట్‌నైట్‌కు ఆ మార్పు రెండు నెలల్లో సాధ్యమైందంటే, అంతకుముందు ఏళ్ళ తరబడి కట్టిన పునాది ఉంది కాబట్టి. ఆ పునాది లేని స్టూడియో ఇవాళ్టి ట్రెండ్ చూసి ఇవాళ పని మొదలుపెడితే, ఆట బయటికి రావడానికి నాలుగైదేళ్ళు పడుతుంది. ఈలోగా ఆటగాళ్ళు ఒకచోట స్థిరపడిపోతారు. వాళ్ళ స్నేహితులు అక్కడే ఉంటారు, ఏళ్ళ తరబడి సంపాదించుకున్న ర్యాంకులూ డబ్బు పెట్టి కొన్న స్కిన్‌లూ (పాత్రల వేషాలు) అక్కడే ఉంటాయి. మనం వాళ్ళను అడిగేది మన ఆట కొనమని మాత్రమే కాదు, ఆ స్నేహితులందరినీ ఒప్పించి ఒకేసారి వెంటబెట్టుకుని రమ్మని కూడా.

నేను చేసిన మ్యాప్ (ఆట జరిగే స్థలం) గురించి నీకు ఇదివరకు చెప్పాను. ఐదుగురికి ఐదుగురు తలపడే చిన్న మ్యాప్ అది. ఒక జట్టు రేవు వైపు నుంచి, రెండో జట్టు గిడ్డంగి వైపు నుంచి బయలుదేరి మధ్యలో ఉన్న వంతెన మీదికి ఒకేసారి చేరాలి. రేవు వైపు దారిలో మెట్ల వరుస ఉండటంతో ఆ జట్టు అర సెకను ఆలస్యమయ్యేది. ఆ అర సెకనులోనే ఎదుటి జట్టు గురిపెట్టి సిద్ధంగా ఉండేది. మూడు వారాలు దాని మీదే కూర్చున్నాం. రెండు మెట్లు తీసేశాం, మలుపు దగ్గర గోడను కొద్దిగా వెనక్కి జరిపాం, గిడ్డంగి తలుపు దగ్గర ఒక పెట్టె అడ్డం పెట్టాం. చివరికి ఒకరోజు మేమే ఆడి చూసే ప్లేటెస్టులో రెండు జట్లూ ఒక్కసారే వంతెన ఎక్కాయి. గదికి రెండు వైపులనుంచీ ఒకేసారి అరుపులు వినిపించాయి. ఈ ఉద్యోగంలో నాకు మిగిలిన మంచి రోజు అది.

ఆ తరవాత రెండు నెలలకు పైఅధికారుల నుంచి ఆదేశం వచ్చింది. ఇప్పుడు అందరూ ఎక్స్‌ట్రాక్షన్ షూటర్ల వైపు వెళ్తున్నారు కాబట్టి మనమూ అటే వెళ్ళాలన్నారు. ముప్ఫై మంది పది మూలల నుంచి దిగి, సామాను ఏరుకుని, తలో దారిన బయటపడే ఆ తరహా మైదానంలో మా అర సెకను లెక్కలకు విలువ లేదు. వంతెన అలాగే ఉంచారు గాని, దాని మీదికి ఎవరూ రావలసిన అవసరం లేకుండా పోయింది. విడుదలకు ముందు జనం చేత ఆడించి చూసే బీటా చివరి రాత్రి నేను ఇంటి నుంచి లాగిన్ అయ్యాను. ముప్ఫై మందికి గాను, ఆట మొదలయ్యేదాకా అందరూ వేచి ఉండే లాబీలో ఇరవై రెండు దగ్గర అంకె ఆగింది. ఇరవై మూడయింది, మళ్ళీ ఇరవై ఒకటికి దిగింది. పదకొండు నిమిషాలు చూసి కంప్యూటర్ కట్టేశాను.

ఇక్కడే మల్టీప్లేయర్ షూటర్‌కూ మిగతా ఆటలకూ తేడా ఉంది. ఒంటరిగా ఆడుకునే ఆటను వెయ్యి మంది కొన్నా, ఆ వెయ్యి మందికీ అది పూర్తి ఆటే. షూటర్‌లో ఎదుటి మనిషే ఆట కాబట్టి, మనుషులు తగ్గితే మిగిలినవాళ్ళకు కూడా ఆట ఉండదు. ఓవర్‌వాచ్ అనే హిట్ షూటర్ వచ్చిన 2016 మే నెలలోనే విడుదలైన బాటిల్‌బోర్న్ ఆట సర్వర్లను 2021 జనవరిలో ఆపేశారు. అందులోని కథను ఒంటరిగా ఆడాలన్నా సర్వర్ ఉండాల్సిందే కనుక, డబ్బు పెట్టి కొన్నవాళ్ళ చేతిలో ఏమీ మిగలలేదు. కాంకార్డ్ అనే ఆట సంగతి నీకు తెలిసే ఉంటుంది. ఓవర్‌వాచ్ లాంటి హీరో షూటర్ల (ఒక్కో పాత్రకు ఒక్కో ప్రత్యేక శక్తి ఉండే షూటర్ల) జోరు మొదలైన ఎనిమిదేళ్ళకు, 2024 ఆగస్టు 23న, 40 డాలర్ల ధరతో వచ్చింది. కంప్యూటర్ ఆటలు అమ్మే స్టీమ్‌లో ఒకేసారి ఆడినవారి సంఖ్య 700 కూడా దాటలేదు. సెప్టెంబరు 6న సర్వర్లు ఆపి డబ్బు వాపసు ఇచ్చారు, అక్టోబరులో ఆ స్టూడియోనే మూసేశారు. ఆ ఆటలో తుపాకి పట్టు బాగుందని ఆడినవాళ్ళు చాలామంది అన్నారు. ఆ పట్టు కుదిరేలా కూర్చుని చేసిన మనుషుల గురించి ఆలోచిస్తే నాకు నిద్ర పట్టదు.

లాబ్రేకర్స్ అనే ఆట కథ ఇంకా బాధాకరం. గురుత్వాకర్షణ తగ్గిపోయే చోట్లలో గాలిలో తేలుతూ కాల్చుకునే ఆలోచన నిజంగా కొత్తది. కానీ 2017 ఆగస్టుకల్లా జనం కళ్ళకు అది హీరో షూటర్ల గుంపులో మరొకటిగానే కనిపించింది. నిలదొక్కుకోవడానికి ఆ స్టూడియో 2018 ఏప్రిల్‌లో హడావుడిగా ఒక బాటిల్ రాయల్ వదిలి, మే నెలలో మూతపడింది. గుంపు పెరిగినప్పుడు అందులో సొంత గొంతు ఉన్నవాళ్ళూ వినపడకుండా పోతారు. ఈ నష్టం ఎవరి లెక్కల్లోనూ కనిపించదు.

ఆలస్యంగా వచ్చి గెలిచినవాళ్ళు లేరా అని నువ్వు తప్పక అడుగుతావు. ఉన్నారు. అపెక్స్ లెజెండ్స్ 2019 ఫిబ్రవరిలో వచ్చి, నోరు విప్పకుండానే తోటివాళ్ళకు శత్రువునూ సామానునూ ఒక్క బటన్‌తో చూపించే పింగ్ పద్ధతితో ఆటగాళ్ళ మనసు గెలుచుకుంది. మార్వెల్ రైవల్స్ 2024 డిసెంబరులో వచ్చినా, అందరికీ తెలిసిన పాత్రల బలంతో నిలబడింది. ఈ రెండింటినే చూపించి, పెట్టుబడి పెట్టేవాళ్ళు మిగతా అందరినీ పరుగెత్తిస్తారు.

పుట్టకుండా పోయిన ఆటల మాట కూడా చెప్పాలి. డిస్‌హానర్డ్ వంటి ఒంటరి ఆటలతో పేరు తెచ్చుకున్న ఆర్కేన్ సంస్థలో, 2017లో ప్రే అనే ఆట చేసిన ఆస్టిన్ బృందం చేత కలిసి ఆడే షూటర్ రెడ్‌ఫాల్ చేయించారు. అది 2023 మేలో వచ్చి విఫలమైంది, మరుసటి ఏడాది అదే నెలలో ఆ బృందాన్ని మూసేశారు. ఆ చేతులు తమకు తెలిసిన పని చేసి ఉంటే ఏం వచ్చేదో మనకు ఎప్పటికీ తెలియదు. నాటీ డాగ్ స్టూడియో మాత్రం 2023 డిసెంబరులో తమ ఆన్‌లైన్ ఆటను రద్దు చేసుకుంది. దాన్ని నడపాలంటే ఏళ్ళ తరబడి స్టూడియో శక్తినంతా అందులోనే పెట్టాలని, దానివల్ల తమ కథాప్రధానమైన ఆటలు దెబ్బతింటాయని బహిరంగంగానే చెప్పింది. అంత ఖర్చు పెట్టాక ఆగడానికి ధైర్యం కావాలి.

ఇక నీ సంగతి. నువ్వూ, నీ స్నేహితులిద్దరూ కలిసి ఎక్స్‌ట్రాక్షన్ షూటర్ చేద్దామనుకుంటున్నారని, 2025లో ఆర్క్ రైడర్స్ అంత బాగా ఆడింది కదా అని అన్నావు. వద్దని చెప్పను. ముప్ఫై మంది అవసరమయ్యే ఆట మాత్రం ముగ్గురితో మొదలుపెట్టకు. నలుగురు కూర్చుంటే పూర్తిగా ఆడగలిగేది, అవసరమైతే ఎదుటివైపు బాట్‌లతో (కంప్యూటరే ఆడించే పాత్రలతో) కూడా నడిచేది చెయ్యండి. సర్వర్ మీ కంప్యూటర్లలోనే నడిచేలా మొదటి రోజునుంచే చూసుకోండి, అది తరవాత అతికించగలిగేది కాదు. పోయినసారి నువ్వు చెప్పిన ఆ చీకటి మెట్లబావి ఆలోచన, అడుగుల చప్పుడును బట్టి ఎవరు ఏ అంతస్తులో ఉన్నారో పోల్చుకోవడం, నాకు ఇంకా మనసులోంచి పోలేదు. అలాంటి మ్యాప్ ఇంతవరకు నేను ఆడలేదు.

గోడలకు రంగులు లేకపోయినా ఫరవాలేదు, చప్పుళ్ళు కుదరగానే ఆ మ్యాప్ నాకు పంపు. నాతో పనిచేసినవాళ్ళు ఇద్దరు ఇక్కడే ఇంకా ఉద్యోగం వెతుక్కుంటున్నారు. ఆదివారం వాళ్ళను కూర్చోబెట్టి ఆడించి, ఎక్కడ అర సెకను తేడా వస్తోందో రాసి పంపుతాను.

ప్రేమతో,
అక్క