మెట్ల కింద కాపలా: చిన్ రాజు సినిమా గురించి రఘుకి

ప్రియమైన రఘూ,

చెన్ కైగె 1998లో తీసిన 'ది ఎంపరర్ అండ్ ది అసాసిన్' చూడాలనుంది గానీ చైనా పేర్లు బుర్రకెక్కవేమోనని రాశావు. ఐదుగుర్ని పట్టుకో, మిగతావాళ్లు వాళ్లే తెలుస్తారు. యింగ్ ఝెంగ్ చిన్ రాజ్యపు కుర్ర రాజు. తర్వాత చైనాకి మొదటి చక్రవర్తి అయ్యేది ఇతనే. ఆ వేషం లి షుయెజియాన్‌ది. లూ బువెయ్ పెద్ద వయసు ప్రధానమంత్రి, ఆ పాత్ర దర్శకుడు తనే వేసుకున్నాడు. లావ్ ఐ రాజమాత ప్రియుడు, నటుడు వాంగ్ ఝివెన్. హంతకుడు జింగ్ కెగా ఝాంగ్ ఫెంగ్‌యీ. వీళ్లందరి మధ్యా నలిగిపోయే ఝావ్‌గా గాంగ్ లి. ఈ ఐదుగురిలో ఝావ్ ఒక్కతే కల్పితం. తక్కిన నలుగురి కథా ప్రాచీన చైనా చరిత్రకారుడు సీమా చియెన్ రాసిన చరిత్రలో ఉంది.

కథాకాలం క్రీ.పూ. 238 నుంచి 227 దాకా. మన ఎర్రగుడి శాసనాలు వేయించిన అశోకుడి చివరి రోజులూ ఈ ఝెంగ్ తొలి రోజులూ ఒకటేననుకో, కాలం గుర్తుంటుంది.

రెండున్నర గంటలు దాటే సినిమా ఇది. కత్తియుద్ధాల కోసమైతే కూర్చోకు, అవి తక్కువే. ఎవరు ఎక్కడిదాకా రావచ్చు, ఎవరి ఒంటిమీద ఆయుధం ఉండొచ్చు, ఎవరి మాటకి సైన్యం కదులుతుంది, ఈ మూడూ గమనించు. చిన్ రాజ్యం నిలువెల్లా చట్టం మీద నడిచింది. అక్కడ కుట్ర పన్నడమంటే చట్టంలో కన్నం వెతకడమే. చివరికి రాజు ప్రాణం పోబోయింది కూడా తన చట్టం వల్లే.

ముందు లావ్ ఐ సంగతి. రాజమాత దగ్గర ఉండాలంటే మగవాడికి వీల్లేదు, నపుంసకుడై ఉండాలి. నపుంసకుణ్ని చేసే శిక్ష పడ్డట్టు నాటకమాడించి, గడ్డం మీసం పీకించి, ఇతన్ని అంతఃపురంలోకి పంపించాడు లూ బువెయ్. రాజమాతకి ఇతనివల్ల ఇద్దరు కొడుకులు పుట్టారు, రహస్యంగా పెరిగారు. క్రీ.పూ. 238లో ఝెంగ్ పాత రాజధాని యోంగ్‌కి వెళ్లాడు. అక్కడ కిరీటం పెట్టి, నడుముకి కత్తి కట్టి, ఇక రాజ్యం నువ్వే ఏలుకో అనే తంతు జరగాలి. లావ్ ఐకి అదే చివరి అదను. రాజుగారి ముద్ర, రాజమాత ముద్ర రెండూ దొంగతనంగా వాడి జిల్లా సిపాయిల్నీ, కోట కాపలావాళ్లనీ, సర్కారు గుర్రపుదళాన్నీ, పొరుగు తెగల నాయకుల్నీ, తన ఇంటి మనుషుల్నీ పోగేశాడు. గురి, యోంగ్‌లో రాజు దిగిన చీనియెన్ భవనం.

ముద్ర ఒక్కటీ ఉంటే ఎందుకు చాలదో తెలియాలంటే చిన్ సైనిక చిహ్నం ఎలా పనిచేసేదో చూడాలి. 1973లో షీఆన్ దగ్గర ఒక కంచు పులిబొమ్మ ఎడమ సగం దొరికింది. పొడవు 9.5 సెం.మీ., అంటే అరచేతిలో పడుతుంది. ఝెంగ్‌కి సుమారు వందేళ్ల ముందుది. పులిని నిలువునా రెండుగా చీల్చి, కుడి సగం రాజు దగ్గర, ఎడమ సగం దూ అనే ఊరి సేనాధికారి దగ్గర ఉంచేవారు. దాని ఒంటిమీద బంగారం పొదిగిన 40 అక్షరాల్లో నియమం రాసుంది: కవచం తొడిగించి 50 మందికి మించి కదిలించాలంటే రాజు సగం తెచ్చి జత కలపాలి. శత్రువు వచ్చినట్టు కొండమీద మంట వెలిగితే మాత్రం జత కలపకపోయినా కదలొచ్చు. ముద్రని దొంగిలించొచ్చు, నకలు కొట్టొచ్చు. ఇలాంటి సగాన్ని తేవడం ఎలా? నన్నడిగితే లావ్ ఐ సైన్యం అలా అతుకుల బొంతగా తయారవడానికి కారణం ఇదే. కుదురైన దళాలు దొంగముద్రకి లొంగవు. సంగతి ముందే రాజుకి తెలిసింది. చాంగ్‌పింగ్, చాంగ్‌వెన్ ప్రభువుల్ని పంపాడు. రాజధాని షియాన్‌యాంగ్‌లో పోరు జరిగింది, కొన్ని వందల తలలు తెగిపడ్డాయి. లావ్ ఐని ప్రాణాలతో పట్టిస్తే పది లక్షల నాణేలు, చంపి తెస్తే అయిదు లక్షలు అని చాటింపు వేశారు. రాజు వైపు నిలబడి పోరాడిన నపుంసకులకి కూడా ఒక్కో హోదా పెంచారు. చిన్ వాళ్లు లెక్కల్లో అంత నిక్కచ్చి. 4,000కి పైగా కుటుంబాల్ని షు ప్రాంతానికి తరిమేశారు. లూ బువెయ్ మరుసటి ఏడు పదవి పోగొట్టుకుని, క్రీ.పూ. 235లో విషం తాగాడు.

వాంగ్ ఝివెన్ ఈ లావ్ ఐని వెకిలిగా మొదలుపెట్టి, ఎక్కడో మనకి తెలియకుండానే భయంకరంగా మార్చేస్తాడు. సినిమాలో అందరికంటే నాకు నచ్చిన నటన అదే. లి షుయెజియాన్ మాత్రం నాటకం మోతాదు ఎక్కువ వేశాడు, మొదటి గంటలో కాస్త ఓర్చుకో. పూర్వులు అప్పగించిన ఏకీకరణ పని మరిచావా అని సేవకుడు మధ్యమధ్య పేరుపెట్టి గద్దిస్తుంటాడు, రాజు మరవలేదని బదులివ్వాలి. ఆ కేక వచ్చినప్పుడల్లా అతని మొహం చూడు.

సెట్ గురించి ఒక్క మాట. ఝెజియాంగ్ రాష్ట్రంలో హెంగ్‌డియన్ స్టూడియోలో ఈ సినిమా కోసమే చిన్ రాజభవనం కట్టారు. తర్వాత చాలా సినిమాలు అక్కడే తీశారు. మెట్లు వెడల్పుగా ఉంటాయి, మనుషులు చీమల్లా కనిపిస్తారు. ఆ మెట్లే కథకి ఆయువుపట్టు. ఎలాగంటావా?

క్రీ.పూ. 227. యెన్ అనే రాజ్యపు యువరాజు తాన్, చిన్ దగ్గర బందీగా ఉండి పారిపోయి వచ్చినవాడు. జింగ్ కెని పంపాలని నిర్ణయించాడు. రాజు సముఖానికి వెళ్లాలంటే చేతిలో రెండు కానుకలుండాలి. ఒకటి చిన్ నుంచి పారిపోయి వచ్చిన సేనాని ఫాన్ యూచీ తల. దాని మీద బంగారం, ఊళ్లూ ఇస్తామని వెల కట్టి ఉన్నారు. జింగ్ కె వెళ్లి అడిగితే ఫాన్ తానే గొంతు కోసుకున్నాడు. రెండోది, యెన్‌లో సారవంతమైన దూకాంగ్ ప్రాంతపు పటం. పటమంటే ఇక్కడ చుట్టగా చుట్టింది. దాని లోపలి చివర్లో బాకు పెట్టారు. ఆ బాకు 100 తూకాల బంగారం పోసి కొన్నది. మంటలో కాల్చి విషంలో ముంచి, మనుషుల మీద పరీక్షించారు. నూలుపోగు తడిసేంత రక్తం వస్తే చాలు, బతికినవాడు లేడు. కొలువులో దారి సుళువయ్యేందుకు మెంగ్ జియా అనే అధికారికి వెయ్యి తూకాల బంగారం విలువైన కానుకలు ముట్టాయి.

ఇక్కణ్ణుంచి సీమా చియెన్ చెప్పిన వరస చెబుతా, సినిమా దాన్ని ఎక్కడ పట్టుకుంది, ఎక్కడ వదిలిందో నువ్వే చూసుకో. తల ఉన్న పెట్టె జింగ్ కె చేతిలో, పటం ఉన్న పెట్టె యెన్ నుంచి తోడొచ్చిన చిన్ వూయాంగ్ చేతిలో. పదమూడేళ్లకే మనిషిని చంపిన ఘనుడు వూయాంగ్. మెట్ల దగ్గరికి వచ్చేసరికి రంగు మారిపోయి వణికాడు. మంత్రులకి అనుమానం. ఉత్తరాన ఎక్కడో పుట్టిన మోటువాడు, ఇంత పెద్ద కొలువు చూడలేదు అని జింగ్ కె నవ్వి సర్దేశాడు. వూయాంగ్ చేతిలోని పటం నువ్వే అందుకుని తెమ్మని రాజు జింగ్ కెతో అన్నాడు. దాంతో ఇద్దరు చేయాల్సిన పని ఒక్కడి నెత్తిన పడింది.

పటం విప్పుతూ పోతే చివర్లో బాకు బయటపడింది. జింగ్ కె ఎడమచేత్తో రాజు చేతిచొక్కా పట్టి, కుడిచేత్తో పొడవబోయాడు. అందలేదు. రాజు లేచి లాక్కుంటే చొక్కా చెయ్యి చిరిగిపోయింది. ఇప్పుడు చట్టం చేసిన తమాషా చూడు. కొలువులో మంత్రుల దగ్గర ఏ ఆయుధమూ ఉండకూడదు. ఆయుధాలున్న కాపలావాళ్లు మెట్ల కింద నిలబడతారు, రాజు పిలిస్తే తప్ప పైకి అడుగుపెట్టకూడదు. పరిగెడుతున్న రాజుకి పిలిచే తీరిక ఏదీ? ఒట్టి చేతులతో మంత్రులు కొట్టబోయారు. రాజవైద్యుడు షియా వూజు చేతిలో ఉన్న మందుల సంచీ విసిరాడు. దానికే తర్వాత 200 యీల (యీ అంటే ఆనాటి తూకం) బంగారం బహుమానం దక్కింది.

రాజు నడుముకి కత్తి ఉంది, కానీ పొడుగెక్కువ. లిషాన్‌లో ఝెంగ్ సమాధి దగ్గరి మట్టి సైనికుల గుంటల్లో దొరికిన కంచు కత్తుల్లో కొన్ని 90 సెం.మీ. దాటతాయి. తుంటి దగ్గర ఒర నిలువుగా వేలాడుతుంటే అంత పొడవు చేతిసాగు సరిపోదు, అందులో ఒర బిగుతు. వీపు మీదకి తోసుకో అని పక్కనున్నవాళ్లు అరిచారు. ఒర వెనక్కి వాలితే మొన బయటికి వచ్చేందుకు చోటు దొరుకుతుంది. దూశాడు, జింగ్ కె ఎడమ తొడ తెగింది. కూలబడి బాకు విసిరాడు, అది కంచు స్తంభానికి తగిలింది. ఎనిమిది గాయాలతో కాళ్లు బారచాపుకుని కూర్చుని నవ్వి తిట్టాడు: ప్రాణంతో పట్టి, లాక్కున్న భూముల్ని తిరిగిస్తానని మాట తీసుకుందామనుకున్నాను, అందుకే తప్పింది అని.

పొడవడానికీ పట్టుకోవడానికీ మధ్య ఆ తడబాటే నాకు కథలో అసలు ముడి. బాకు మొన చాలు అనుకుంటే ఆ చొక్కా పట్టుకోవాల్సిన పనే లేదు కదా.

సినిమా కల్పించింది ఝావ్ పన్నాగం. యెన్ హంతకుణ్ని పంపితే దండెత్తడానికి సాకు దొరుకుతుందని ఝెంగ్‌తో కలిసి ఆవిడ పథకం వేస్తుంది. చిన్ శిక్ష నుంచి పారిపోయినట్టు నమ్మించడానికి మొహం మీద వాత పెట్టించుకుంటుంది. కల్పన అయినా చిన్ పద్ధతికి నప్పింది: శిక్ష ముద్రే అక్కడ గుర్తింపు కాగితం. ఝావ్ అనే రాజ్యంలో పిల్లల చావు దగ్గర ఆవిడ మనసు తిరిగిపోతుంది. చరిత్రలో అయితే క్రీ.పూ. 228లో ఆ రాజ్యపు రాజధాని హాన్‌దాన్ పడ్డాక, తన చిన్నప్పుడు తల్లి పుట్టింటితో వైరం పెట్టుకున్నవాళ్లని వెతికి మరీ పాతరేయించాడు ఝెంగ్. ఝెంగ్‌కి అసలు తండ్రి లూ బువెయ్ అన్నది సీమా చియెన్ రాశాడు గానీ చాలామంది చరిత్రకారులు నమ్మరు. సినిమా నమ్మింది, కథకి అది కావాలి.

రెండు విడతలుగా చూడు, లావ్ ఐ కథ ముగిసిన చోట ఆపు. సబ్‌టైటిల్స్ ఉన్న కాపీ చూసుకో. జింగ్ కె స్నేహితుడు గావ్ జియాన్‌లీ అనే వాద్యకారుడు కనిపిస్తాడు, గుర్తుపెట్టుకో. సినిమా అక్కడిదాకా పోదు గానీ, ఝెంగ్ చక్రవర్తి అయ్యాక ఆ వాద్యం వినాలనే మోజుతో ఇతని కళ్లు పోగొట్టి మరీ దగ్గర పెట్టుకున్నాడు. వాద్యంలో సీసం పోసి మీద విసిరాడు గావ్, గురి తప్పింది. ఆ తర్వాత పాత రాజ్యాలవాళ్లని చక్రవర్తి బతికున్నంతకాలం దగ్గరికి రానివ్వలేదు.

చూశాక వూయాంగ్ వణుకు నీకు ఎలా అనిపించిందో రాయి. అమ్మగారికి నమస్కారాలు చెప్పు.

నీ
మురళి