నెమ్ము తగ్గిన తరువాత

ప్రియమైన సుధాకర్‌కు,

మీ నాన్నగారు నిమోనియా నుంచి కోలుకుని ఇంటికి చేరారని తెలిసి మనసు కుదుటపడింది. అయితే "ఇక గండం గడిచినట్టే" అని నువ్వు రాసిన మాట దగ్గర ఆగిపోయాను. ఇంత పొడుగు ఉత్తరానికి ఆ మాటే కారణం.

మా పెద్ద మేనమామ సంగతి నీకు పూర్తిగా చెప్పలేదు. ఊపిరితిత్తుల్లో నెమ్ము చేరి తొమ్మిది రోజులు ఆసుపత్రిలో ఉండి వచ్చారు. జ్వరం పోయింది, ఎక్స్‌రే బాగుందన్నారు. మూడో వారంలో ఒక ఉదయం పెరట్లో ముఖం కడుక్కుంటూ, చెంబు గట్టు మీద పెట్టి, పందిరి గుంజ పట్టుకుని అలాగే నిలబడిపోయారు. ఛాతీ బిగిసినట్టుందంటే, మిగిలిన కఫమేనని అత్తయ్య వేడినీళ్లు కాచి ఇచ్చింది. మేమూ అదే అనుకున్నాం. మధ్యాహ్నం ఈసీజీ తీస్తే గుండెపోటు అని తేలింది. ప్రాణం దక్కింది గాని గుండె కండరం కొంత దెబ్బతింది. డిశ్చార్జి కాగితంలో యాంటీబయాటిక్ ఎన్ని పూటలు వేసుకోవాలో ఉంది, గుండె గురించి ఒక్క ముక్క లేదు. ఆ బాధ నాకు ఇప్పటికీ తీరలేదు.

అది మా ఇంటి దురదృష్టమనే చాలాకాలం అనుకున్నాను. కాదని తరువాత చదివి తెలుసుకున్నాను. 2015లో జామా అనే వైద్య పత్రికలో వచ్చిన అమెరికా పరిశోధనలో, 65 ఏళ్లు దాటి నిమోనియాతో ఆసుపత్రిలో చేరిన 591 మందిని, ఆ జబ్బు రాని వారితో పోల్చి పదేళ్లు గమనించారు. మొదటి 30 రోజుల్లో గుండెపోటు, పక్షవాతం వంటి వాటి ముప్పు నాలుగు రెట్లు ఉంది. మూడు నెలలు నిండేవరకు దాదాపు మూడు రెట్లు. పదో ఏట కూడా మామూలు స్థాయికి దిగలేదు. కెనడాలోని ఒంటారియోలో ఫ్లూ నిర్ధారణ అయిన తొలి వారంలో గుండెపోట్లు ఆరు రెట్లున్నాయని 2018లో తేల్చారు.

ధమనుల గోడల్లో ఏళ్ల తరబడి కొవ్వు పేరుకుని, పైన పలుచని పొరతో నిలకడగా ఉంటుంది. తీవ్రమైన ఇన్ఫెక్షన్ వచ్చినప్పుడు ఒంటి లోపల రేగే వాపు (ఇన్‌ఫ్లమేషన్) ఆ పొరను బలహీనపరుస్తుంది; అది చిట్లితే రక్తం గడ్డకట్టి దారి మూసుకుపోతుంది. అదే సమయంలో ఊపిరితిత్తులు ఆక్సిజన్ సరిగా అందించలేవు, గుండె మాత్రం మరింత వేగంగా కొట్టుకోవలసి వస్తుంది. జ్వరం దిగినా ఆ వాపు కొంతకాలం లోలోపల కొనసాగుతుంది.

అలాగని యాంటీబయాటిక్ ఇంకా పొడిగించమని డాక్టరును అడగవద్దు. గుండె జబ్బున్న నాలుగు వేల మందికి ఏడాది పాటు వారం వారం అజిత్రోమైసిన్ ఇచ్చి చూసినా గుండెకు మేలు జరగలేదని 2005లోనే తేలింది. ఫ్లూ టీకా విషయం వేరు: గుండెపోటు వచ్చిన వెంటనే టీకా వేయించుకున్నవారిలో ఏడాది లోపు మరణాలు 4.9 శాతానికి బదులు 2.9 శాతమేనని 2021లో ఒక పెద్ద పరీక్షలో కనిపించింది. ఫ్లూ టీకా, నిమోనియా తెచ్చే ఒక బ్యాక్టీరియాను అడ్డుకునే న్యుమోకాకల్ టీకా నాన్నగారికి ఎప్పుడు వేయించాలో డాక్టరును తప్పక అడుగు.

ఆయనకు బీపీ, షుగరు ఉన్నాయి కదా, ఆసుపత్రిలో ఆపిన పాత మాత్రలు మళ్లీ మొదలయ్యాయో లేదో చూడు. ఛాతీ బరువెక్కినా, దవడ లాగినా, కారణం లేకుండా చెమటలు పట్టినా కఫమని సర్దిచెప్పుకోకుండా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లి ఈసీజీ తీయించు. ఆదివారం ఫోన్ చేస్తాను. డిశ్చార్జి కాగితం దగ్గర పెట్టుకుంటే మందుల పేర్లు ఒక్కొక్కటే చదివి చూద్దాం.

నీ
రఘు