కేజ్ పక్కన డాక్టర్ ఉండాల్సిందే

సంపాదకులకు నమస్కారం.

హైదరాబాద్‌లో కేజ్ ఫైట్లు, అంటే చుట్టూ వల కట్టిన బరిలో జరిగే కొట్లాట పోటీలు, ఎక్కువైపోతున్నాయి, కోడిపందేలను ఆపినట్టే వీటినీ ఆపించాలి అని ఒక పాఠకుడు మీ పత్రికకు రాసిన లేఖ చదివాను. ఆ పెద్దాయన బాధ నాకు అర్థమైంది. అయితే ఆ కేజ్‌లోకి దిగే పిల్లల్లో మా అమ్మాయి కూడా ఉంది. కన్నతల్లిగా ఈ విషయం మీద నేనూ రాయాలి.

మా అమ్మాయి మిక్స్‌డ్ మార్షల్ ఆర్ట్స్ ఫైటర్ అని చెప్పుకోవడం నాకు గర్వం. బాక్సింగ్, కిక్‌బాక్సింగ్, కుస్తీ అన్నీ కలిసిన ఆట అది. ఈ మాట ఇంకా మన ఇళ్లలో చెల్లుబాటు కావడం లేదు. సైనా, సింధుల పుణ్యమా అని ఈ ఊళ్లో రాకెట్ పట్టిన పిల్లను చూస్తే అందరూ మురిసిపోతారు. మా పిల్ల కంటి కింద కమిలిన మచ్చతో పెళ్లికి వస్తే మాత్రం "ఆడపిల్లకి ఇవేం ఆటలు వదినా, రేపు సంబంధాలెలా వస్తాయి?" అని పక్కకు పిలిచి అడుగుతారు. నిఖత్ జరీన్ కుటుంబమూ మొదట్లో నిజామాబాద్‌లో ఇలాంటి మాటలు పడింది. ఆ అమ్మాయి 2022లో ఇస్తాంబుల్‌లోనూ 2023లో ఢిల్లీలోనూ బాక్సింగ్ ప్రపంచ చాంపియన్ అయింది, ఆ తర్వాత రాష్ట్ర ప్రభుత్వం డీఎస్పీ ఉద్యోగం ఇచ్చింది. ఇప్పుడు ఆమెను ఎవరూ ఏమీ అనరు. పాతబస్తీ తాలింఖానాల్లో కుస్తీ పట్టిన పహిల్వాన్లను తలెత్తుకుని చూసిన ఊరు ఇది. మా పిల్లల్ని కూడా అలా చూడటానికి ఏమిటి అభ్యంతరం?

నా గర్వం తను ఎవరినో కొట్టిందని కాదు. పొద్దున్నే మేము లేవకముందే తను ప్రాక్టీస్‌కి వెళ్లిపోతుంది. సాయంత్రం వచ్చాక, గ్లౌజుల లోపల చేతికి చుట్టుకునే హ్యాండ్ ర్యాప్స్ తనే ఉతుక్కుని బాల్కనీ తీగ మీద ఆరేస్తుంది. నాలుగైదు మీటర్ల పొడవుండే ఆ గుడ్డ పట్టీని ముడత లేకుండా లాగి, గట్టిగా చుట్టచుట్టి, బ్యాగులో మౌత్ గార్డ్ డబ్బా పక్కన పెట్టుకుంటుంది. ఒక్క మడత నలిగినా పిడికిలి ఎముక మీద ఒత్తుకుంటుందట. ఇంట్లో మంచినీళ్ల గ్లాసు కూడా తీయని పిల్ల ఈ పని ఎవరికీ అప్పజెప్పదు.

ఒక పోటీలో అవతలి అమ్మాయి మెడ చుట్టూ మా అమ్మాయి చెయ్యి బిగించి పట్టు పట్టింది. దాన్ని చోక్ అంటారు. నేను కళ్లు మూసుకోవాలనుకుని కూడా మూసుకోలేకపోయాను. ఆ పిల్ల అరచేత్తో మా అమ్మాయి భుజం మీద తట్టింది. ఒప్పుకున్నాను, వదిలెయ్ అని దానర్థం. రిఫరీ వచ్చి చెయ్యి వేసేలోపే మా అమ్మాయి పట్టు వదిలేసింది. వదిలేసి, ఆ పిల్ల లేచి కూర్చునేదాకా పక్కనే మోకాళ్ల మీద ఉండి వీపు నిమిరింది. అంత ఆవేశంలో, గెలుపు చేతికందిన నిమిషంలో, ఒక్క తట్టుకి ఆగిపోవడం మామూలు సంస్కారం కాదు. నేను పెంచిన పెంపకం కంటే ఆ కోచ్ నేర్పిన శిక్షణే అందులో ఎక్కువ ఉందని ఒప్పుకోవాలి.

కోడిపందెంతో పోల్చిన పెద్దాయనకు నా జవాబు కూడా అదే. కాలికి కత్తి కట్టి బరిలోకి వదిలిన కోడికి ఇక చాలు అని చెప్పే దారి లేదు, ఆపే రిఫరీ లేడు. నిజానికి ఆయన మాట కొత్తదేమీ కాదు. అమెరికాలో సెనేటర్ జాన్ మెకెయిన్ 1990లలోనే దీన్ని మనుషుల కోడిపందెం అన్నారు. అప్పట్లో ఆ మాటలో నిజం ఉంది. 1993లో ఈ పోటీలు నడిపే అమెరికా సంస్థ యూఎఫ్‌సీ మొదలైనప్పుడు బరువు తరగతులు లేవు, గ్లౌజులు తప్పనిసరి కావు. 2000 తర్వాత న్యూజెర్సీలో ఉమ్మడి నిబంధనలు రాసుకున్నారు. ఐదేసి నిమిషాల మూడు రౌండ్లు, బరువు తరగతులు, గ్లౌజులు అందులో చేరాయి. తల వెనక కొట్టకూడదు, తలతో గుద్దకూడదు, కళ్లలో వేళ్లు పెట్టకూడదు, కింద పడినవాళ్ల తల మీద తన్నకూడదు. తనను తాను కాచుకోలేని స్థితిలో ఉన్నారనిపిస్తే రిఫరీ వెంటనే ఆపేస్తాడు. ఆటను మార్చింది ఈ నిబంధనలే. ఫ్రాన్స్‌లో చాలాకాలం పోటీలకు అనుమతి లేదు. 2020లో అక్కడి ప్రభుత్వం అనుమతించి, బాక్సింగ్ సమాఖ్యకు ఆ బాధ్యత అప్పగించింది.

నా కంప్లయింట్ మన దగ్గర నిబంధనలు కాగితం మీద కూడా సరిగా లేవని. ఊరి శివార్లలో ఒక ఫంక్షన్ హాల్లో జరిగిన పోటీకి మా అమ్మాయితో వెళ్లాను. నిర్వాహకుల పేరు ఇక్కడ అనవసరం. లైట్లు, డీజే, బౌన్సర్లు, స్పాన్సర్ల ఫ్లెక్సీలు, అన్నీ ఉన్నాయి. డాక్టర్ ఎవరని అడిగితే ఫస్ట్ ఎయిడ్ పెట్టె పట్టుకుని నిలబడ్డ ఒక కుర్రాణ్ణి చూపించారు. డిగ్రీ చదువుతున్నాడట. మా అమ్మాయి ఫైట్‌కి ముందు ఒక అబ్బాయి దవడకు దెబ్బ తగిలి స్పృహ తప్పాడు. అంబులెన్స్ లేదు. అతని స్నేహితులు చేతుల మీద మోసుకెళ్లి ఎవరిదో కారులో ఆసుపత్రికి తీసుకెళ్లారు. డీజే పాట మాత్రం ఆగలేదు. ఆ అబ్బాయి కోలుకున్నాడు, దేవుడి దయ. కానీ కొద్ది వారాలకే ఇంకో పోటీ పోస్టర్‌లో అతని ఫొటో చూశాను.

ఆ పోస్టర్ చూసి నాకు నిద్ర పట్టలేదు. అమెరికా రాష్ట్రాల్లో అథ్లెటిక్ కమిషన్లు ఉంటాయి. నాకౌట్ అయినవాళ్లను అవి వారాల తరబడి, అవసరమైతే నెలల తరబడి పోటీకి దూరం పెడతాయి. మెదడుకు తగిలిన దెబ్బ పూర్తిగా మానకముందే మళ్లీ దెబ్బ పడితే ప్రాణం మీదికి వస్తుంది. అక్కడ చాలా రాష్ట్రాల్లో హెచ్ఐవీ, హెపటైటిస్ రక్త పరీక్షలు లేనిదే లైసెన్స్ ఇవ్వరు. ఇక్కడ ఒక హాల్లో నాకౌట్ అయిన పిల్లవాడు ఇంకో హాల్లో పేరిచ్చి దిగొచ్చు, ఆ సంగతి రాసిపెట్టేవాళ్లే లేరు. 2022 జూలైలో బెంగళూరులో కిక్‌బాక్సింగ్ పోటీలో దెబ్బ తగిలి మైసూరు కుర్రాడు ప్రాణాలు కోల్పోయాడు. సరైన వైద్య ఏర్పాట్లు లేవని కుటుంబం పోలీసులకు ఫిర్యాదు చేసింది. మనం కూడా అంతవరకూ తెచ్చుకోవాలా?

ఇంకో ప్రమాదం ఫైట్‌కి ముందే ఉంటుంది, బయటివాళ్లకు కనిపించదు. మా అమ్మాయిది స్ట్రావెయిట్ అనే బరువు తరగతి, అంటే 52.2 కిలోలు మించకూడదు. పోటీకి ముందు ఆ బరువుకు దిగడానికి పిల్లలు నీళ్లు మానేస్తారు, ప్లాస్టిక్ సూట్ వేసుకుని పరిగెత్తుతారు. పెదాలు పగిలి, కళ్లు లోపలికి పోయి, నోట్లో ఐస్ ముక్క పెట్టుకుని ఉమ్మేసే బిడ్డను చూస్తూ కూర్చోవడం ఏ తల్లికీ వద్దు. 2015లో ఫిలిప్పీన్స్‌లో వన్ చాంపియన్‌షిప్ అనే సంస్థ పెట్టిన పోటీకి బరువు తగ్గుతూ ఒక చైనా ఫైటర్ చనిపోయాడు. ఆ సంస్థ అప్పుడే నీళ్లు మాని బరువు తగ్గడాన్ని నిషేధించి, ఒంట్లో నీటి శాతానికి పరీక్ష పెట్టింది. మూత్ర పరీక్షకు పెద్ద ఖర్చేమీ కాదు. ఇక్కడి నిర్వాహకులూ పెట్టొచ్చు.

నేను అడిగేది చాలా చిన్న సంగతి. ఫంక్షన్ హాల్లో మైకు పెట్టాలంటే పోలీసు పర్మిషన్ తీసుకుంటాం కదా. కేజ్ పెట్టేవాళ్లకు పర్మిషన్ ఇచ్చేటప్పుడే అర్హత ఉన్న డాక్టర్ పేరు, హాలు బయట అంబులెన్స్, దగ్గరలోని న్యూరో సర్జన్ ఉన్న ఆసుపత్రితో ముందస్తు ఒప్పందం, ఇవి చూపించమనండి. లేకపోతే పోటీ పెట్టనివ్వకండి. ఎల్బీ స్టేడియంలో ఉన్న మన స్పోర్ట్స్ అథారిటీ ఫైటర్లందరికీ ఒక మెడికల్ పుస్తకం ఇచ్చి, ప్రతి పోటీ, ప్రతి దెబ్బ అందులో రాయించాలి. నాకౌట్ అయితే న్యూరాలజిస్ట్ సంతకం లేకుండా మళ్లీ దిగకూడదు.

ఇదంతా ఎందుకిప్పుడు అంటే, 2026 సెప్టెంబర్‌లో జపాన్‌లోని ఐచి-నగోయాలో జరగాల్సిన ఆసియా క్రీడల్లో ఈ ఆటకు మొదటిసారి చోటిచ్చారు. 2024 జూన్‌లో ఉత్తరప్రదేశ్ అమ్మాయి పూజా తోమర్ యూఎఫ్‌సీలో గెలిచిన మొదటి భారతీయురాలు అయింది. ఆమెదీ మా అమ్మాయి బరువు తరగతే. ఆ ఫైట్ చూశాక మా ఇంట్లో ఎంత సందడో! అలాంటి పిల్లలు తెలంగాణలోనూ ఉన్నారు. వాళ్లలో చాలామంది ఆటోడ్రైవర్ల పిల్లలు, చిన్న ఉద్యోగుల పిల్లలు. జిమ్ ఫీజు, గ్లౌజులు, రైలు టిక్కెట్లు ఇంట్లోవాళ్లే పెట్టుకుంటున్నారు. బాక్సింగ్‌కీ రెజ్లింగ్‌కీ ఉన్న గుర్తింపు దీనికి లేదు కాబట్టి స్పోర్ట్స్ కోటా మాట ఎత్తే పరిస్థితి లేదు. గుర్తింపు ఇవ్వడానికి టైం పడుతుందేమో. డాక్టర్‌ను పెట్టించడానికి పట్టదు.

మా అమ్మాయి జిమ్‌లో పిల్లల తల్లిదండ్రులం కలిసి ఈ విషయాలతో స్పోర్ట్స్ అథారిటీకీ పోలీస్ కమిషనర్‌కూ వినతిపత్రం రాస్తున్నాం. వేరే జిమ్‌ల తల్లిదండ్రులు కూడా మీ కోచ్‌ల ద్వారా సంతకాలు పెట్టి పంపండి. నిషేధించాలని రాసిన పెద్దాయన కూడా సంతకం పెడితే సంతోషిస్తాం. పిల్లల ప్రాణాల గురించి ఆయనకున్న భయమే మాకూ ఉంది.

- ఒక ఫైటర్ తల్లి, మల్కాజిగిరి, హైదరాబాద్