సిగ్నల్ బూస్టర్ల అమ్మకం ఆపించండి: కేంద్ర సహాయ మంత్రి పెమ్మసాని చంద్రశేఖర్ గారికి బహిరంగ లేఖ

మంత్రి గారికి నమస్కారం.

గుంటూరు బ్రాడీపేట నుంచి రాస్తున్నాను. మీరు మా ఎంపీ, పైగా కమ్యూనికేషన్ల శాఖ సహాయ మంత్రి. అందుకే మీకే చెప్పుకుంటున్నాను.

మొన్న వేసవిలో ఒక రాత్రి మా నాన్నగారు కళ్లు తిరిగి పడిపోయారు. 108కి ఫోన్ చేశాను. సిగ్నల్ గీతలు నిండుగా ఉన్నాయి, కాల్ మాత్రం కలవదు. చెప్పులు కూడా వేసుకోకుండా సందు చివరిదాకా పరిగెత్తాక కలిసింది. నాన్నగారు కోలుకున్నారు గానీ ఆ పది నిమిషాలు తలుచుకుంటే ఇప్పటికీ చేతులు వణుకుతాయి.

ఫిర్యాదు చేశాక ఫోన్ కంపెనీ తరఫున ఒకబ్బాయి వచ్చాడు. చేపముల్లు లాంటి యాంటెన్నా పట్టుకుని, మీటర్ చూసుకుంటూ వీధంతా తిరిగాడు. అసలు సంగతి నాలుగిళ్ల అవతల ఒక షాపులో బయటపడింది. సెల్లార్‌లో సిగ్నల్ రావట్లేదని ఆన్‌లైన్‌లో బూస్టర్ (సిగ్నల్‌ను పెంచే పరికరం) కొని, డాబా మీదికి వైరు లాగారు. ప్లగ్ తీసిన నిమిషంలోనే మా ఫోన్లు కలిశాయి.

టవర్ మాట మన ఫోన్‌కు వినిపిస్తూనే ఉంటుందట, అందుకే గీతలు నిండుగా కనిపిస్తాయి. మన ఫోన్ మాటే టవర్‌కు వినపడదు. ఫోన్లు వాడే 900 మెగాహెర్ట్జ్ బ్యాండులో ఫోన్ నుంచి టవర్‌కు వెళ్లే దారి 890 నుంచి 915 మెగాహెర్ట్జ్. ఆ దారిలో బూస్టర్ రొద నింపేస్తుంది. డాబా మీది యాంటెన్నా, లోపలి యాంటెన్నా దగ్గరగా ఉంటే మరీ ఘోరం. స్పీకర్ ముందు మైకు పెడితే కీచుమన్నట్టు, తన శబ్దాన్నే తాను పెంచుకుంటూ పోతుంది.

అనుమతి లేని వైర్‌లెస్ పరికరం దగ్గర ఉంచుకోవడం 1933 వైర్‌లెస్ చట్టం నాటి నుంచే నేరం. బూస్టర్లు దగ్గర ఉంచుకోవడం, అమ్మడం, వాడడం చట్టవిరుద్ధమని 2022 జులైలో మీ శాఖే చెప్పింది. ఆ షాపాయనకు ఇదేమీ తెలియదు. పాపం, బిల్లు తెచ్చి చూపించాడు. ఆయన మీద నాకు కోపం రాలేదు. నా కోపమంతా బిల్లు ఇచ్చి మరీ అమ్ముతున్నవాళ్ల మీద.

2025లో వాకీటాకీల అమ్మకంపై కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ ఈ-కామర్స్ కంపెనీలకు నోటీసులు ఇచ్చింది. బూస్టర్ల విషయంలోనూ అంత గట్టిగా పట్టుకోండి. ఇంట్లో సిగ్నల్ అందనివాళ్లకు వైఫై కాలింగ్ (ఇంటి ఇంటర్నెట్ మీద కాల్ చేసే సౌకర్యం) ఎలా పెట్టుకోవాలో కంపెనీల చేత తెలుగులో చెప్పించండి. మా అమ్మ ఫోన్‌లో ఆ సౌకర్యం ఉందని మాకే తెలియదు. ఇలాంటి ఫిర్యాదు అందితే ఎన్ని రోజుల్లో మనిషి రావాలో కూడా గడువు పెట్టండి.

మాకు ఆ అబ్బాయి రావడానికి 19 రోజులు పట్టింది. అన్ని రాత్రులూ నాన్నగారి పక్కన ఒకరం మేలుకునే ఉన్నాం, అవసరమైతే ఫోన్ పట్టుకుని సందు చివరికి పరిగెత్తడానికి.

ఇట్లు,
బ్రాడీపేట నివాసి