నల్లమల కాలిబాటను చెంచుల చేతిలో పెట్టండి

గౌరవనీయ అటవీ శాఖ మంత్రి గారికి,

నమస్కారం. పాత కర్నూలు జిల్లా ఆత్మకూరు పక్కన వెంకటాపురం దగ్గర అడవిలోకి దిగితే నాగలూటి, పెచ్చెర్వు, మఠంబావి, భీముని కొలను దాటి కైలాస ద్వారం మీదుగా శ్రీశైలం చేరే కాలిబాట ఒకటుంది. దోర్నాల ఘాట్ రోడ్డు పడకముందు మా పెద్దవాళ్లకు మల్లన్న దారి అదే. 14వ శతాబ్దంలోనే ప్రోలయ వేమారెడ్డి శ్రీశైలానికి మెట్లు కట్టించాడంటే, కొండెక్కే జనం అప్పటికే ఎంతమందో మీరే ఊహించండి.

ఇప్పుడు దాన్ని శివరాత్రికి, ఉగాదికి తెరిచి మళ్లీ మూసేస్తున్నారు. ఉగాదికి కర్ణాటక నుంచి వేల మంది నడిచి వస్తారు. వాళ్ల భక్తికి చేతులెత్తి మొక్కుతాను. కానీ ఆ ఎండలో భీముని కొలను లోయలోకి దిగి, మళ్లీ కైలాస ద్వారానికి నిట్టనిలువుగా ఎక్కడమంటే వయసులో ఉన్నవాళ్లకే ఊపిరి అందదు సార్. ముసలివాళ్లు మెట్ల మీదే కూలబడతారు. జనం వెళ్లాక దారి పొడవునా నీళ్ల బాటిళ్లు, పాలిథిన్ కవర్లు. ఏడాది మొత్తం మీద నడిచేవాళ్లందరినీ ఆ కొద్ది రోజుల్లోకే కుక్కితే అడవికి జరిగేది ఇదే.

1983 నుంచి ఇది పులుల రిజర్వు. అందుకే ఏడాదంతా తెరవమని అడగను, వానాకాలం మూసే ఉంచండి. కార్తీకం నుంచి మాఘం దాకా, ఎండ ముదరకముందు, చిన్న జట్లకు అనుమతి ఇవ్వండి. ప్రతి జట్టు ముందూ ఒక చెంచు మనిషి నడవాలి. పులి జాడ పట్టడానికి మీ శాఖే వాళ్లను బేస్ క్యాంపుల్లో పెట్టుకుంది కదా, యాత్రికుణ్ణి నడిపించడానికి వాళ్లకంటే ఎవరు కావాలి? మల్లన్నను అల్లుడని పిలుచుకునే జనం వాళ్లు. రుసుము నేరుగా గూడేనికే చేరాలి, మధ్యలో కాంట్రాక్టరు వద్దు.

ఇంకొక మాట. గుప్తనిధుల పేరుతో నల్లమలలో పాత గుళ్లను తవ్విపోశారు. నలుగురు నడిచే దారిలో దొంగ గడ్డపార దింపడానికి జంకుతాడు. నాగలూటి రాతి గుడికి అదే కాపలా.

సౌకర్యాల పేరుతో జేసీబీ మాత్రం పంపకండి. సిమెంటు, జీపులు వద్దు. రాళ్లు కదిలిన మెట్లను చేత్తో సర్దించి, తాగునీటి తావులు బాగుచేయిస్తే చాలు.

రాబోయే కార్తీకానికే ఉత్తర్వు ఇవ్వండి. ఎక్కడ ఆగాలో, ఏ వాగు నీళ్లు తాగొచ్చో, ఎటువైపు పోకూడదో నాగలూటి, పెచ్చెర్వు గూడేల పెద్దలను కూర్చోబెట్టి అడిగి, ఆ తర్వాతే దాన్ని రాయించండి.

ఇట్లు,
ఆత్మకూరు నుంచి ఒక పాదచారి